ప్రొఫెషనల్ రెజ్లింగ్: హీరో విలన్‌గా, విలన్ హీరోగా

ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో దెబ్బలు తగులుతాయి, ఒళ్లు నిజంగానే హూనమవుతుంది. గెలుపోటములు మాత్రం ముందే ఖాయమై ఉంటాయి. ఎవరు ఎవరికి శత్రువో, ఎవరి పక్షాన జనం నిలబడాలో కథ రాసేవాళ్లు తేలుస్తారు. జనం చప్పట్లు అందుకోవాల్సిన రెజ్లర్‌ను బేబీఫేస్ లేదా ఫేస్ అని, తిట్లు తినాల్సినవాణ్ని హీల్ అని అంటారు. మెక్సికోలో వీళ్లే టెక్నికో, రూడో. ఎటూ తేలకుండా నడిమధ్య ఉండేవాడు ట్వీనర్. ఒకరు ఒక పక్షం నుంచి రెండో పక్షానికి మారడమే టర్న్. ఒకే మ్యాచ్‌లో ఇద్దరూ తారుమారైతే అది డబుల్ టర్న్, చాలా అరుదు.

టర్న్ ఘనతను సాధారణంగా రచయితలకూ ప్రమోటర్లకూ కట్టబెడతారు. చరిత్ర చూస్తే అందులో సగం వాటా జనానిదే. గట్టిగా నిలిచిన టర్న్‌లలో చాలావాటి విషయంలో హాల్లో కూర్చున్నవాళ్ల మనసు ముందే మారిపోయింది. కంపెనీ ఆలస్యంగానైనా ఆ సంగతి ఒప్పుకుంది. జనం మనసు మారకుండా పైనుంచి రుద్దినవి పెద్ద పేర్లున్నా బోల్తా కొట్టాయి.

ప్రాంతీయ కంపెనీల కాలం

అమెరికాలో 1948లో నేషనల్ రెజ్లింగ్ అలయన్స్ ఏర్పడ్డాక ప్రమోటర్లు దేశాన్ని ప్రాంతాలుగా పంచుకున్నారు. ఒక ప్రాంతపు టీవీ కార్యక్రమం పక్క ప్రాంతంలో రాదు. అందువల్ల ఒకచోట విలన్‌గా తిట్లు తిన్నవాడు మరో రాష్ట్రంలో హీరోగా దిగినా అడిగేవాడు ఉండేవాడు కాదు. టెక్సాస్‌కు చెందిన జాక్ ఆడ్కిసన్, ఫ్రిట్జ్ వాన్ ఎరిక్ అనే పేరుతో నాజీ జర్మన్ వేషం కట్టి ఊరూరా జనాన్ని రెచ్చగొట్టాడు. తర్వాత డల్లాస్‌లో సొంత కంపెనీ పెట్టుకుని, అదే పేరుతో, టెక్సాస్ ముద్దుబిడ్డగా వెలిగాడు.

మెక్సికోలో ఎల్ శాంటో కథ మరీ విచిత్రం. వెండి ముసుగుతో 1942లో రింగ్‌లోకి వచ్చినప్పుడు అతను రూడో. 1950ల చివర్లో సినిమాల్లోకి వెళ్లి తెరమీద మంచివాళ్లను కాపాడే వీరుడయ్యాడు. తెరమీద ధర్మాన్ని నిలబెట్టేవాడు రింగ్‌లో తొండి ఆడితే ఎన్నాళ్లు చెల్లుతుంది? 1962లో అతన్ని టెక్నికోగా మార్చారు. 1984లో చనిపోయినా, ఇప్పటికీ మెక్సికో అతన్ని జాతీయ వీరుడిగానే తలుచుకుంటుంది.

ఫ్లోరిడాలో 1974లో జరిగింది ఇంకో రకం. ప్లంబర్ కొడుకు, లావుపాటి మనిషి, నోరు తెరిస్తే ఉపన్యాసమే. అతనే డస్టీ రోడ్స్. విలన్‌గా ఉండగానే జనం అతని మాటలకు మురిసిపోతున్నారు. ఓ ట్యాగ్ మ్యాచ్‌లో సొంత భాగస్వామి పాక్ సాంగ్ మీద, మేనేజర్ గ్యారీ హార్ట్ మీద తిరగబడ్డాడు. ఆ తర్వాత ‘అమెరికన్ డ్రీమ్’ అనే పేరుతో శ్రామికుల మనిషిగా దశాబ్దాలపాటు నిలిచాడు.

నమ్మకద్రోహం

హీరోను విలన్‌గా మార్చడానికి రచయితల చేతిలో ఉన్న తిరుగులేని ఆయుధం ద్రోహం. ద్రోహం చేసినవాడి కంటే, ద్రోహానికి గురైనవాణ్ని జనం ఎంతగా ప్రేమిస్తున్నారన్నదే అక్కడ ముఖ్యం.

1980 జనవరిలో బ్రూనో సామార్టినో, అతని శిష్యుడు ల్యారీ జబిస్కో స్నేహపూర్వకంగా తలపడ్డారు. తాను గురువు నీడలోనే మిగిలిపోయానన్నది కథలో శిష్యుడి బాధ. బ్రూనో పట్టు వేయడం, శిష్యుణ్ని నొప్పించడం ఇష్టంలేక వదిలేయడం, మళ్లీ పట్టు, మళ్లీ వదిలేయడం. తనను చిన్నపిల్లాడిలా ఆడిస్తున్నాడని జబిస్కోకు ఉక్రోషం పెరిగింది. చివరికి చెక్క కుర్చీ తీసుకుని గురువు తల మీద బాదాడు. బ్రూనో నెత్తురోడుతూ రింగ్‌లో పడిపోయాడు. ఆ ఏడాది ఆగస్టు 9న న్యూయార్క్ షే స్టేడియంలో ఇనుప పంజరంలో వీళ్లిద్దరి మ్యాచ్‌కు 36,295 మంది వచ్చారని ప్రకటించారు. గురువు మీద చెయ్యెత్తినవాడికి శిక్ష పడటం కళ్లారా చూడాలన్నదే ఆ జనసందోహం వెనక ఉన్న కోరిక.

1982 క్రిస్మస్ రాత్రి డల్లాస్‌లో వాన్ ఎరిక్ కుటుంబానికీ ఇదే అనుభవం. ఫ్రిట్జ్ కొడుకు కెర్రీ, ఛాంపియన్ రిక్ ఫ్లెయర్‌తో పంజరంలో ఆడుతున్నాడు. స్నేహితుడు మైకేల్ హేస్ రిఫరీ. హేస్ ఫ్లెయర్‌ను కొట్టి పడేసి, పిన్ చేసెయ్యమని కెర్రీకి సైగ చేశాడు. తొండి గెలుపు తనకొద్దన్నాడు కెర్రీ. మాటా మాటా పెరిగింది. పంజరం తలుపు దగ్గర నిలబడ్డ హేస్ జట్టు ఫ్రీబర్డ్స్ సభ్యుడు టెర్రీ గోర్డీ, ఆ ఇనుప తలుపును కెర్రీ తలకేసి కొట్టాడు. వాన్ ఎరిక్, ఫ్రీబర్డ్స్ వైరం ఆ తర్వాత ఏళ్ల తరబడి టెక్సాస్‌లో హాళ్లు నింపింది. హీరో నిజాయితీయే ద్రోహానికి కారణం కావడం ఈ కథలోని గొప్పతనం.

ఇదే సూత్రాన్ని వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్, అంటే డబ్ల్యూడబ్ల్యూఎఫ్, దేశమంతటికీ విస్తరించింది. అంతకు కొన్నేళ్ల ముందు అదే కంపెనీలో విలన్‌గా ఉన్న హల్క్ హోగన్, 1984 జనవరి 23న మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఐరన్ షేక్‌ను ఓడించి పిల్లలందరి హీరో అయ్యాడు. 1987 మొదట్లో అతని మిత్రుడు ఆండ్రే ద జెయింట్, విలన్ల మేనేజర్ బాబీ హీనన్‌ను వెంటబెట్టుకుని వచ్చి, హోగన్ చొక్కానూ మెడలోని శిలువ గొలుసునూ లాగి తెంపేశాడు. ఆ ఒక్క చేష్టతో జనం గౌరవించే ఆండ్రే శత్రువైపోయాడు. మార్చి 29న వాళ్లిద్దరూ తలపడిన మూడో రెజిల్‌మేనియా అనే వార్షిక ప్రదర్శనకు 93,173 మంది హాజరయ్యారని కంపెనీ చాటుకుంది.

అన్నీ ఇంత హుందాగా సాగలేదు. అమెరికా సైనికుడి వేషంలో హీరోగా పేరు తెచ్చుకున్న సార్జెంట్ స్లాటర్‌ను 1990లో ఇరాక్ మద్దతుదారుగా మార్చారు. 1991 జనవరిలో, గల్ఫ్ యుద్ధంలో బాంబులు పడుతున్న వారంలోనే, అతనికి ఛాంపియన్‌షిప్ కట్టబెట్టారు. నిజంగా ప్రాణాలు పోతున్న యుద్ధాన్ని టికెట్లు అమ్మడానికి వాడుకోవడం అది. ఈ చరిత్రలో సిగ్గుపడాల్సిన అధ్యాయాల్లో అదొకటి.

గుట్టు రట్టవడం

హీరోలూ విలన్లూ బయట కూడా శత్రువుల్లాగే మెలగాలన్న కట్టుబాటును కేఫేబ్ అంటారు. ఒకే కారులో ప్రయాణించకూడదు, ఒకే హోటల్లో కలిసి భోంచేయకూడదు. 1987 మేలో రింగ్‌లో బద్ధ శత్రువులైన జిమ్ డగన్, ఐరన్ షేక్ ఒకే కారులో వెళ్తూ న్యూజెర్సీ పోలీసులకు దొరికారు. 1989లో డబ్ల్యూడబ్ల్యూఎఫే న్యూజెర్సీ చట్టసభ ముందు ఇది పోటీ కాదు, వినోదమేనని చెప్పుకుంది. క్రీడలపై ఉండే ప్రభుత్వ నియంత్రణ తప్పించుకోవడానికి ఆ మాట అక్కరకొచ్చింది.

1996 మే 19న మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన సంగతి టర్న్‌ల చరిత్రనే మలుపు తిప్పింది. స్కాట్ హాల్, కెవిన్ న్యాష్ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వదిలి ప్రత్యర్థి కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూకు వెళ్లిపోతున్నారు. మ్యాచ్ ముగిశాక ఇద్దరు హీరోలు, ఇద్దరు విలన్లు జనం ముందే కౌగిలించుకుని వీడ్కోలు చెప్పుకున్నారు. వాళ్లలో షాన్ మైకేల్స్ ఛాంపియన్, కాబట్టి అతన్ని ముట్టుకోలేదు. శిక్ష నాలుగోవాడైన ట్రిపుల్ హెచ్ మీద పడింది. అతనికి దక్కాల్సిన ఆ ఏటి కింగ్ ఆఫ్ ద రింగ్ పోటీ కిరీటం స్టీవ్ ఆస్టిన్‌కు వెళ్లింది. అటు వెళ్లిపోయిన ఇద్దరూ ఒక పెద్ద టర్న్‌కు, ఇటు కిరీటం దక్కినవాడు మరో పెద్ద టర్న్‌కు కారకులయ్యారు.

మొదటిది 1996 జులై 7న ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో. హాల్, న్యాష్ తమకు మూడో మనిషి ఉన్నాడని ప్రకటించారు. ఎవరా మనిషన్నది ఉత్కంఠ. మ్యాచ్ చివర్లో, అప్పటికే డబ్ల్యూసీడబ్ల్యూలో ఉన్న హోగన్ వచ్చాడు. తన వాళ్లను కాపాడటానికే వచ్చాడనుకుని జనం లేచి నిలబడ్డారు. డబ్ల్యూసీడబ్ల్యూ పక్షాన ఆడుతూ కింద పడి ఉన్న ర్యాండీ శావేజ్ మీద హోగన్ తన లెగ్ డ్రాప్ వేశాడు. రింగ్‌లోకి కప్పులు, కాగితాలు, చెత్త కుప్పలుగా వచ్చిపడ్డాయి. ఆ చెత్త మధ్యే నిలబడి, ఇన్నాళ్లూ తనను ఆరాధించినవాళ్లను హోగన్ దులిపేశాడు. పసుపూ ఎరుపూ బట్టలు పోయి నలుపూ తెలుపూ వచ్చాయి. అయితే ఇది మెరుపులా ఊడిపడలేదు. విటమిన్లు మింగండి, ప్రార్థన చేయండి అని చెప్పే హీరోతో జనం అప్పటికే విసిగి, అతన్ని గేలి చేయడం మొదలుపెట్టారు. హోగన్ ఆ విసుగుకే రూపమిచ్చాడు.

షికాగో, 1997

రెండోది డబుల్ టర్న్. నా దృష్టిలో ఈ కళలో దీనికి మించినది లేదు. 1997 మార్చి 23న షికాగో శివారులోని రోజ్‌మాంట్‌లో బ్రెట్ హార్ట్ హీరో, ఆస్టిన్ విలన్. కాగితం మీద అంతే. బయట మాత్రం బూతులు మాట్లాడే, ఎవరికీ తలవంచని ఆస్టిన్‌ను జనం ఇష్టపడసాగారు. తనకు అన్యాయం జరిగిందని ప్రతి వారం వాపోయే బ్రెట్ వాళ్లకు సణుగుడు మనిషిలా కనబడసాగాడు.

ప్రత్యర్థిని లొంగదీస్తేనే గెలుపన్నది ఆ మ్యాచ్ నియమం. రిఫరీ కెన్ షామ్‌రాక్. పోరు జనం మధ్యలోకి, మళ్లీ రింగ్‌లోకి సాగింది. చివరికి బ్రెట్ తన షార్ప్‌షూటర్ పట్టు వేశాడు. ఆస్టిన్ నుదురు చీలి నెత్తురు కళ్లలోకి, పళ్ల మీదికి కారుతోంది. చేతులతో నేలను నెట్టి ఒకసారి పట్టు దాదాపు విడిపించుకున్నాడు. లొంగిపోతున్నానని మాత్రం అనలేదు. అలాగే స్పృహ తప్పాడు. షామ్‌రాక్ మ్యాచ్ ఆపేశాడు. గెలిచిన బ్రెట్ అంతటితో ఊరుకోక, పడి ఉన్నవాడి కాలి మీద మళ్లీ దాడి చేశాడు. షామ్‌రాక్ అతన్ని లాగి విసిరేయగానే హాలంతా కేరింతలు. బ్రెట్ తిట్ల వానలో వెళ్లిపోయాడు. ఆస్టిన్ సాయం తీసుకోకుండా కుంటుతూ నడిచాడు, జనం అతని పేరే జపించారు. ఓడినవాడు హీరోగా, గెలిచినవాడు విలన్‌గా బయటికి వెళ్లారు. ఎవరూ ముఠా మార్చలేదు, ఎవరూ స్నేహితుణ్ని మోసం చేయలేదు. ఇద్దరూ తమ స్వభావాన్ని చివరిదాకా చూపించారంతే.

తర్వాతి నెలల్లో బ్రెట్ అమెరికాలో విలన్, సొంత దేశం కెనడాలో దేవుడు. జులై 6న కాల్గరీలో జనం అతని కుటుంబానికి బ్రహ్మరథం పట్టి, ఆస్టిన్‌ను తిట్టిపోశారు.

జనం మాట వినకపోతే

డ్వేన్ జాన్సన్ 1996 నవంబరులో రాకీ మైవియా పేరుతో నవ్వులొలికే హీరోగా వస్తే హాళ్లు చీదరించుకున్నాయి. 1997 ఆగస్టులో అతన్ని విలన్ల ముఠాలో చేర్చారు. అహంకారమంతా మైకులో కుమ్మరించాడు. రాక్‌గా పేరు మారిన అతన్నే జనం నెత్తిన పెట్టుకున్నారు.

వ్యతిరేక పాఠం 2001 ఏప్రిల్ 1న హ్యూస్టన్‌లో. తన సొంత రాష్ట్రం టెక్సాస్‌లో, జనం తనకోసం గొంతు చించుకుంటున్న రాత్రి, ఆస్టిన్ తన బద్ధశత్రువు, కంపెనీ యజమాని విన్స్ మెక్‌మాన్‌తో చేతులు కలిపాడు. జనం అతన్ని ద్వేషించడానికి సిద్ధంగా లేరు. ఆ నిర్ణయం తప్పని తర్వాత ఆస్టినే ఒప్పుకున్నాడు. మరుసటి ఏడు మార్చి 17న టొరంటోలో రాక్‌తో తలపడిన హోగన్ కథలో విలన్. హాల్లోని 68 వేల మంది మాత్రం చిన్ననాటి హీరోకే జేజేలు పలికారు. మ్యాచ్ ముగిసేసరికి కథే దారి మార్చుకోవాల్సి వచ్చింది.

జపాన్‌లో టెత్సుయా నైటోదీ ఇదే దారి. హీరోగా నిలబెడితే అభిమానులు ఓటు వేసి మరీ 2014 జనవరి 4న టోక్యో డోమ్‌లో అతని టైటిల్ మ్యాచ్‌ను ప్రధాన స్థానం నుంచి దించారు. 2015లో మెక్సికో వెళ్లి నిర్లక్ష్యపు పోకిరీగా తిరిగొచ్చాక, అతని కంపెనీలో అతన్ని మించిన ఆదరణ ఉన్నవాళ్లు అరుదయ్యారు. రోమన్ రెయిన్స్‌ను డబ్ల్యూడబ్ల్యూఈ (డబ్ల్యూడబ్ల్యూఎఫ్ తర్వాతి పేరు) ఏళ్ల తరబడి హీరోగా రుద్దింది, జనం ఏళ్ల తరబడి తిప్పికొట్టారు. 2020 ఆగస్టులో మేనేజర్ పాల్ హేమన్ పక్కన విలన్‌గా నిలిచాకే అతను వెలిగాడు. 1,316 రోజులు ఛాంపియన్‌గా ఉండి, 2024 ఏప్రిల్‌లో డస్టీ రోడ్స్ కొడుకు కోడీ చేతిలో ఓడాడు. 2018 ఆగస్టులో బెకీ లించ్ స్నేహితురాలు షార్లెట్‌ను కొడితే, తిట్టాల్సిన జనం బెకీకే చప్పట్లు కొట్టారు. కంపెనీ దిగొచ్చింది.

మన దేశంలో ఈ గీతలు ఇంకోలా ఉండేవి. 2006లో అండర్‌టేకర్‌ను చితక్కొడుతూ వచ్చిన హిమాచల్ మనిషి దలీప్ సింగ్ రాణా, అంటే ఖలీ, అమెరికా కథలో విలన్. ఇక్కడివాళ్లకు ‘మనోడు’. 2008లో కంపెనీ అతన్ని నవ్వించే హీరోగా మార్చింది. హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో 2023 సెప్టెంబరు 8న జాన్ సీనా పక్కన జట్టుగా ఆడిన సెత్ రోలిన్స్, 2014లో రెయిన్స్ వీపు మీద కుర్చీతో కొట్టి సొంత జట్టును కూల్చిన ద్రోహి. హైదరాబాద్ వచ్చేనాటికి అతనూ హీరోనే.

సీనాను విలన్‌గా మార్చమని అభిమానులు పదేళ్లకు పైగా మొత్తుకున్నారు. సగం హాలు జేజేలు, సగం హాలు తిట్లు. కంపెనీ కదల్లేదు. చివరికి 2025 మార్చి 1న టొరంటోలో అతను కోడీని కౌగిలించుకున్నట్టే కౌగిలించుకుని దెబ్బ కొట్టాడు. అప్పటికి అది వీడ్కోలు సంవత్సరం, అతన్ని తిట్టాలన్న కోరిక జనంలో చల్లారిపోయింది. ఏప్రిల్‌లో 17వ ప్రపంచ టైటిల్ గెలిచాడు, ఆగస్టు 1న మళ్లీ హీరో అయ్యాడు. అడిగినప్పుడు ఇవ్వని టర్న్ ఐదు నెలలే నిలిచింది.