వెనుక చక్రాల శక్తితో నడిచే స్పోర్ట్స్ సెడాన్లు: టైర్లు ఎందుకంత త్వరగా అరుగుతాయి?

కారు ఎంత ఖరీదైనదైనా, దాని ఇంజిన్ ఎంత శక్తిమంతమైనదైనా, నేలను తాకేది మాత్రం ఒక్కొక్కటి అరచేయంత ఉండే నాలుగు రబ్బరు ముక్కలే. వేగం అందుకోవడం, మలుపు తిరగడం, ఆగడం ఈ మూడూ ఆ కాస్త చోటు మీదే ఆధారపడి ఉన్నాయి. ఈ సత్యం స్పోర్ట్స్ సెడాన్ యజమానులకు త్వరగానే అనుభవంలోకి వస్తుంది. చిన్న కారు టైర్లు 40 వేల కిలోమీటర్లు దాటి సేవ చేయడం సాధారణం. శక్తిమంతమైన స్పోర్ట్స్ సెడాన్ వెనుక టైర్లు అందులో సగం దూరానికే మార్పు కోరడం కూడా అంతే సాధారణం. ఇది చాలా సందర్భాలలో టైరు లోపం కాదు. వాహన నిర్మాణం, రబ్బరు స్వభావం, నడిపే తీరు కలిసి తెచ్చే ఫలితం.

వెనుక చక్రాల చోదన అంటే

ఇంజిన్ ముందు భాగంలో ఉండి, దాని శక్తి పొడవైన ప్రొపెల్లర్ షాఫ్ట్ ద్వారా వెనుక ఇరుసుకు చేరే విధానాన్ని రియర్ వీల్ డ్రైవ్ అంటారు. మన దేశానికి ఇది కొత్తది కాదు. దశాబ్దాల పాటు మన రహదారులను ఏలిన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లు రెండూ వెనుక చక్రాలతో నడిచినవే. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800తో ముందు చక్రాల చోదన మన మధ్యతరగతి ఇళ్లకు చేరింది. షాఫ్ట్ అవసరం లేకపోవడం వల్ల బరువు, ఖర్చు తగ్గాయి, లోపల చోటు పెరిగింది. క్రమంగా చిన్న, మధ్య తరహా కార్లన్నీ దాదాపు ఆ బాట పట్టాయి. అంబాసిడర్ ఉత్పత్తి 2014లో ఆగిపోయింది.

వెనుక చక్రాల చోదన ఆ తరువాత ప్రధానంగా ఖరీదైన సెడాన్లలో నిలిచింది. బీఎండబ్ల్యూ 3 సిరీస్, మెర్సిడెస్ బెంజ్ సి క్లాస్ ఇందుకు తెలిసిన ఉదాహరణలు. అంబాసిడర్ కూడా వెనుక చక్రాలతోనే నడిచినప్పుడు దాని టైర్ల గురించి ఈ చర్చ ఎందుకు రాలేదన్న సందేహం కలగవచ్చు. సమాధానం శక్తిలో ఉంది. పాత పెట్రోలు అంబాసిడర్ ఇంజిన్ సామర్థ్యం సుమారు 50 హార్స్‌పవర్. ఇటీవలి తరం బీఎండబ్ల్యూ 330ఐ సామర్థ్యం 258 హార్స్‌పవర్, టార్క్ 400 న్యూటన్ మీటర్లు. అయిదు రెట్ల శక్తిని నేలకు చేర్చవలసిన భారం ఇప్పటికీ రెండు వెనుక టైర్లదే.

రబ్బరు అరిగే తీరు

దొర్లుతున్న టైరు నేలపై ఏ మాత్రం జారదని మనం అనుకుంటాం. వాస్తవం వేరు. ముందుకు నెట్టే బలాన్ని పుట్టించడానికి చోదక చక్రం కారు వేగం కన్నా కాస్త ఎక్కువ వేగంతో తిరగాలి. మలుపులో టైరు తాను చూస్తున్న దిశకు, సాగుతున్న దిశకు మధ్య చిన్న కోణం ఏర్పడాలి. ఈ స్వల్పమైన జారుడు లేనిదే పట్టు లేదు. ఆ జారుడులోనే రబ్బరు కంటికి కనిపించని రేణువులుగా రాలిపోతుంది.

ఇక్కడ గమనించవలసిన లెక్క ఒకటుంది. టైరు మోసే బలం రెట్టింపైతే జారుడు కూడా సుమారుగా రెట్టింపవుతుంది. బలం, జారుడు రెండూ పెరగడం వల్ల రబ్బరును అరగదీసే శక్తి దాదాపు నాలుగింతలవుతుంది. అందుకే ఒకే నమూనా కారు, ఒకే రకం టైర్లు ఉన్న ఇద్దరిలో ఒకరికి 30 వేల కిలోమీటర్లు వచ్చిన టైరు మరొకరికి 15 వేలకే నున్నబడవచ్చు. ఎంత దూరం నడిపామన్నదాని కన్నా, ఎన్నిసార్లు పెడలును బలంగా తొక్కామన్నది టైరు ఆయుష్షును ఎక్కువగా నిర్ణయిస్తుంది.

వెనుక టైర్ల మీదే భారమెందుకు

ముందు చక్రాల చోదన ఉన్న కారులో లాగడం, తిప్పడం, బ్రేకు భారంలో అధిక భాగం మోయడం అన్నీ ముందు టైర్ల పనే. అందువల్ల అక్కడ ముందువి త్వరగా అరుగుతాయి. వెనుక చక్రాల చోదనలో ఈ పనులు పంచబడతాయి. దిశ మార్చడం, బ్రేకు భారంలో ఎక్కువ వాటా ముందు టైర్లవి కాగా, నెట్టడం వెనుక టైర్లది. నెమ్మదిగా నడిపితే నాలుగు టైర్లూ దాదాపు సమానంగానే అరుగుతాయి. శక్తిని తరచుగా వాడేకొద్దీ తూకం వెనుకకు మొగ్గుతుంది.

సస్పెన్షన్ అమరిక రెండో కారణం. వేగంగా మలుపు తిరిగేటప్పుడు పట్టు నిలవడానికి స్పోర్ట్స్ సెడాన్ల వెనుక చక్రాల పైభాగం లోపలికి కొద్దిగా వాలి ఉండేలా అమరుస్తారు. దీన్ని నెగెటివ్ క్యాంబర్ అంటారు. నిలకడ కోసం చక్రాల ముందు అంచులను కొంచెం లోపలికి తిప్పి ఉంచడాన్ని టో ఇన్ అంటారు. ఇవి నిర్దేశిత పరిమితిలో ఉన్నంతవరకు ప్రమాదం లేదు. గుంతలో పడి చక్రం అదిరినప్పుడో, సస్పెన్షన్ బుష్‌లు అరిగినప్పుడో ఈ కోణాలు తప్పుతాయి. అప్పుడు టైరు ప్రతి అడుగునా కొద్దికొద్దిగా పక్కకు ఈడ్చబడుతూ లోపలి అంచున వేగంగా అరుగుతుంది.

ఈ లోపలి అరుగుదల మోసకరమైనది. నిలబడి చూసేవారికి బయటి అంచున గాడులు లోతుగానే కనిపిస్తాయి. లోపలి అంచున మాత్రం రబ్బరు పొర పూర్తిగా పోయి ఉక్కు తీగలు బయటపడి ఉండవచ్చు. కారును లిఫ్టు మీదకు ఎత్తితే తప్ప ఆ సంగతి తెలియదు. హైవే వేగంలో అటువంటి టైరు పగిలే అవకాశం ఎక్కువ.

మూడో కారణం రబ్బరు మిశ్రమం. స్పోర్ట్స్ టైర్లలో పట్టుకు ప్రాధాన్యమిచ్చే మెత్తని మిశ్రమం వాడతారు. పట్టు, మన్నిక రెండింటినీ ఒకేసారి పెంచడం టైరు తయారీలో అత్యంత కష్టమైన పని. చాలా సందర్భాలలో ఒకటి కోరితే మరొకటి కొంత వదులుకోవలసిందే.

మార్చుకునే వీలు లేని టైర్లు

సాధారణ కార్లలో ప్రతి 8 నుంచి 10 వేల కిలోమీటర్లకు టైర్లను ముందుకూ వెనుకకూ మార్చి అరుగుదలను సమం చేస్తారు. వెనుక చక్రాల చోదనలో ప్రచారంలో ఉన్న పద్ధతి ప్రకారం వెనుక టైర్లు అదే వైపున ముందుకు వస్తాయి. ముందువి వైపు మారి వెనుకకు వెళతాయి.

అనేక స్పోర్ట్స్ సెడాన్లలో ఈ వెసులుబాటు లేదు. 3 సిరీస్‌లో 19 అంగుళాల చక్రాల అమరికనే తీసుకుంటే, ముందు 225/40 ఆర్19, వెనుక 255/35 ఆర్19 టైర్లు వస్తాయి. ఇందులో మొదటి సంఖ్య మిల్లీమీటర్లలో వెడల్పు. రెండోది ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు ఎంత శాతమో తెలిపేది. చివరిది రిమ్ వ్యాసం. వెనుకవి 30 మిల్లీమీటర్లు వెడల్పు ఎక్కువ కాబట్టి ముందుకు మార్చడం కుదరదు. కొన్ని రకాలను కుడి ఎడమలుగా మార్చవచ్చు గానీ, లోపలి అంచు లోపలే ఉంటుంది కనుక ఆ అంచు అరుగుదలకు అది మందు కాదు. ఒకే దిశలో తిరిగేలా రూపొందించిన టైర్లకైతే, రిమ్ నుంచి విప్పి తిరిగి అమర్చకుండా ఆ అవకాశమూ లేదు.

టైరు మీది అంకెలు చెప్పేదేమిటి

అమెరికా ప్రమాణాల ప్రకారం తయారైన టైర్ల పక్క గోడపై ట్రెడ్‌వేర్ అనే అంకె ఉంటుంది. టెక్సస్ రాష్ట్రంలోని శాన్ ఏంజెలో పరిసరాలలో సుమారు 640 కిలోమీటర్ల సాధారణ రహదారి మార్గంలో, ప్రామాణిక టైరుతో పోలుస్తూ ఈ పరీక్ష జరుపుతారు. ప్రామాణిక టైరుకు 100 అనుకుంటే, 300 అంకె ఉన్నది ఆ పరీక్షలో మూడు రెట్లు మన్నినట్లు. అధిక పట్టు గల స్పోర్ట్స్ టైర్లలో 200 నుంచి 300 వరకు, కుటుంబ కార్ల టైర్లలో 500, అంతకు మించి కూడా ఈ అంకె కనిపిస్తుంది. అయితే గ్రేడును ప్రకటించేది తయారీ సంస్థే. కాబట్టి వేర్వేరు సంస్థల అంకెలను పోల్చడం కన్నా, ఒకే సంస్థ టైర్లను పరస్పరం పోల్చుకోవడమే సబబు. ఆ అంకె కిలోమీటర్ల హామీ కాదు.

మన టైరు లెక్క మనమే వేసుకోవచ్చు. కొత్త టైరు గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం కార్లకు కనీస పరిమితి 1.6 మిల్లీమీటర్లు. అంటే వాడుకోదగినది 6.4 మిల్లీమీటర్లు. ప్రతి 4 వేల కిలోమీటర్లకు ఒక మిల్లీమీటరు అరుగుతుంటే మొత్తం ఆయుష్షు 25,600 కిలోమీటర్లు. ప్రతి 2,500 కిలోమీటర్లకే ఒక మిల్లీమీటరు పోతుంటే 16 వేలు. చవకగా దొరికే లోతు గేజ్‌తో లోపలి, మధ్య, బయటి గాడులను నెలకోసారి కొలిచి రాసుకుంటే, టైరు ఎప్పుడు మార్చాలో, అలైన్‌మెంట్ తప్పిందో లేదో ముందే తెలిసిపోతుంది.

వానలో అసలు పరీక్ష

పొడి రోడ్డు మీద అరిగిన టైరు కూడా బాగానే పట్టుకున్నట్లు అనిపిస్తుంది. తడి రోడ్డు మీద కథ మారుతుంది. గాడుల పని నీటిని బయటకు తోడడం. లోతు తగ్గేకొద్దీ నీరు టైరు కింద పొరగా నిలిచి, చక్రం నేలను వదిలి నీటి మీద తేలుతుంది. ముందు చక్రాలు పట్టు తప్పితే కారు నేరుగా జారుతుంది, చాలామంది సహజంగానే వేగం తగ్గిస్తారు. వెనుక చక్రాలు పట్టు తప్పితే కారు తోక తిరిగి గింగిరాలు కొట్టే ప్రమాదముంది. దాన్ని సరిదిద్దడం నైపుణ్యమున్న డ్రైవర్లకూ కష్టమే. త్వరగా అరిగేవీ, పట్టు తప్పితే ఎక్కువ హాని చేసేవీ వెనుక టైర్లే కావడం ఈ కార్ల విషయంలో మరువరాని సంగతి. చట్టం 1.6 మిల్లీమీటర్ల వరకు అనుమతించినా, 3 మిల్లీమీటర్ల వద్దనే మార్చడం మేలని పలువురు నిపుణులు సూచించేది ఇందుకే. ఎలక్ట్రానిక్ స్థిరత్వ వ్యవస్థలు సాయపడతాయి గానీ, లేని పట్టును అవి సృష్టించలేవు.

ఎండ, గాలి ఒత్తిడి

రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీల పరిసరాలకు చేరుతుంది. ఆ ఎండలో తారు రోడ్డు ఉపరితలం గాలి కన్నా ఎంతో వేడిగా ఉంటుంది. వేడెక్కిన మెత్తని రబ్బరు మరింత త్వరగా అరుగుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు మారితే టైరులో ఒత్తిడి సుమారు ఒకటిన్నర నుంచి 2 పీఎస్ఐ వరకు మారుతుంది. అందువల్ల ఉదయం కారు కదలకముందే గాలి చూసుకోవాలి. ఒత్తిడి తక్కువైతే రెండు అంచులు, ఎక్కువైతే నడిమి భాగం ముందుగా అరుగుతాయి. ముందు, వెనుక టైర్లకు వేర్వేరు ఒత్తిడి సూచించే కార్లు అనేకం. ఆ వివరాలు సాధారణంగా డ్రైవరు తలుపు చట్రం మీది పట్టికలో ఉంటాయి. అన్నింటికీ ఒకే అంకె చెప్పి గాలి పట్టించడం సరికాదు.

విద్యుత్ కార్లతో మళ్లీ వెనుక చక్రాలకు

ఈ చర్చ ఇక కొద్దిమంది ధనికులకే పరిమితం కాదు. బీవైడీ సీల్‌లోని కొన్ని రకాలు, 2024 నవంబరులో ఆవిష్కరించిన మహీంద్రా బీఈ 6, ఎక్స్ఈవీ 9ఈ వంటి విద్యుత్ వాహనాలు వెనుక చక్రాల చోదనతో వచ్చాయి. విద్యుత్ మోటారు నిలిచి ఉన్న స్థితి నుంచే పూర్తి టార్క్ ఇస్తుంది. బ్యాటరీ వల్ల బరువూ ఎక్కువ. వేగం తగ్గించేటప్పుడు విద్యుత్తును తిరిగి రాబట్టే బ్రేకింగ్ భారం కూడా అదే వెనుక టైర్ల మీద పడుతుంది. పెట్రోలు ఖర్చు మిగిలిందని సంతోషించేవారు టైర్ల ఖర్చును కూడా లెక్కలో చేర్చుకోవాలి.

రాలిన రబ్బరు ఎక్కడికి పోతుంది

అరిగిన రబ్బరు మాయం కాదు. దుమ్ముగా గాలిలోకి, వాన నీటితో కాలువల్లోకి చేరుతుంది. టైర్లు పెళుసు బారకుండా కలిపే 6పీపీడీ అనే రసాయనం ఓజోన్‌తో కలిసి మారే పదార్థమే, అమెరికా పశ్చిమ తీర వాగుల్లో కోహో సాల్మన్ చేపల మరణాలకు కారణమని 2020లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. ఐరోపా సమాఖ్య 2024లో ఆమోదించిన యూరో 7 నిబంధనలు పొగతో పాటు టైర్ల అరుగుదలకూ తొలిసారిగా పరిమితులు విధించే ఏర్పాటు చేశాయి.

గుర్తుంచుకోవలసినవి

గాడుల అడుగున ఉండే చిన్న రబ్బరు గట్లు ట్రెడ్ ఉపరితలంతో సమానమైతే టైరు పరిమితికి చేరినట్లే. పక్క గోడపై తయారీ తేదీ నాలుగు అంకెల్లో ఉంటుంది. 2324 అని ఉంటే అది 2024వ సంవత్సరం 23వ వారం. పెద్ద గుంతలో పడిన ప్రతిసారీ, కొత్త టైర్లు వేయించిన ప్రతిసారీ నాలుగు చక్రాల అలైన్‌మెంట్ చేయించాలి. ముందు చక్రాలకు మాత్రమే సరిచూడడం ఈ కార్లకు చాలదు. వెనుక టైర్లను ఎప్పుడూ జతగానే మార్చాలి. సర్వీసుకు ఇచ్చినప్పుడు కారు ఎలాగూ లిఫ్టు మీదకు ఎక్కుతుంది. ఆ అయిదు నిమిషాలలో వెనుక టైర్ల లోపలి అంచును స్వయంగా చూసుకోవడం, వానాకాలం మొదలయ్యే ముందైతే తప్పనిసరిగా చూసుకోవడం, ఈ జాగ్రత్తలన్నింటిలోకీ ఖర్చు లేనిదీ, ప్రాణాలను కాపాడేదీ.