బడి మైదానంలో పుట్టిన నియమాలు

పాఠశాల మైదానంలో పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుండగా రెఫరీ ఈల వేస్తాడు. ఆడుతున్నవారందరూ ఒక్కసారిగా ఆగిపోతారు. అంతవరకు బంతి కోసం ప్రాణం పెట్టి పరుగెత్తిన బాలుడు ఆ ధ్వనికి కట్టుబడి, బంతిని ఎదుటి జట్టుకు విడిచి వెనుకకు నడుస్తాడు. చూచేవారికి ఇది సహజంగానే తోస్తుంది. కాని ఈ కట్టుబాటు ఒక్కనాటిలో ఏర్పడినది కాదు. దాని వెనుక నూటడెబ్బయి ఏండ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలోని ముఖ్య ఘట్టాలు పెక్కు విద్యాలయాలతో ముడిపడినవే. వాటిని నడిపినవారిలో విద్యార్థులూ ఉపాధ్యాయులూ అధికులు. పాఠశాలలో క్రీడలకుగల స్థానాన్ని గుర్తించగోరేవారికి ఈ వృత్తాంతం ఎంతైనా ఉపయుక్తం.

పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధంలో ఇంగ్లండులోని పెద్ద పాఠశాలలలో ఏ బడి ఆట ఆ బడిదే. ఒకచోట బంతిని చేతితో పట్టవచ్చును, మరొకచోట పట్టరాదు. నియమాలు నోటిమాటగా పెద్ద విద్యార్థుల నుండి చిన్నవారికి సంక్రమించేవి. 1845లో రగ్బీ పాఠశాల విద్యార్థులే తమ ఆట నియమాలను మొదటిసారిగా వ్రాతపూర్వకంగా కూర్చుకున్నారు. ప్రత్యర్థిని మోకాలికి పైన తన్నరాదనీ, మడమతో తన్నరాదనీ అందులో ఉన్నది. అనగా మోకాలికి దిగువ ముంగాలిపై బూటుతో తన్నుట ఆటలో భాగంగానే సాగినదన్నమాట! దానిని భరించుటయే మగతనమని నాటి విద్యార్థుల నమ్మకం.

ఈ బడులన్నిటి నుండి వచ్చిన యువకులు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో కలిసి ఆడబోయేసరికి చిక్కు వచ్చిపడింది. ఒకరికి న్యాయమైనది మరొకరికి అన్యాయంగా కనిపించేది. 1848లో వేర్వేరు పాఠశాలల పూర్వవిద్యార్థులు ట్రినిటీ కళాశాలలో సమావేశమై, అందరికీ సమ్మతమైన నియమాలను వ్రాసుకున్నారు. ఎవరి బడి అలవాటును వారు కొంత వదులుకొంటేనే ఆ ఒప్పందం కుదిరింది. పరాయివానితో కలిసి ఆడవలెనన్న కోరికయే ఉమ్మడి నియమాలకు మూలకారణమని దీనివలన స్పష్టమవుతున్నది.

ఆ కృషిలో పాలుపంచుకున్న జాన్ చార్లెస్ థ్రింగ్ తరువాత అప్పింగ్‌హామ్ పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యాడు. 1862లో ఆయన పది చిన్న నియమాలతో ఒక పట్టికను ప్రకటించి, దానికి అతి సరళమైన ఆట అని పేరు పెట్టాడు. కాలితో తన్నవలసినది బంతిని మాత్రమే అన్నది అందులో ఒక నియమం. కాలు అడ్డుపెట్టి పడవేయరాదని మరొకటి. పిల్లలను దినదినమూ మైదానంలో గమనించే గురువు చేయగల పని అది. నియమం చిన్నదిగా ఉండాలి, పిల్లవానికి గుర్తుండాలి, ఎదుటివాని దేహానికి రక్ష కావాలి అన్న ఆలోచన ఆ పట్టికలో కనిపిస్తుంది.

మరుసటి సంవత్సరం, 1863 అక్టోబరు 26న, లండన్‌లో పలు క్లబ్బుల ప్రతినిధులు సమావేశమై ఫుట్‌బాల్ అసోసియేషన్‌ను స్థాపించారు. ఆ సంవత్సరాంతం వరకు సాగిన సమావేశాలలో తీవ్ర వివాదానికి దారితీసినది ముంగాళ్లపై తన్నే అలవాటే. దానిని తొలగిస్తే ఆటలోని ధైర్యం నశిస్తుందని బ్లాక్‌హీత్ క్లబ్బువారు వాదించారు. కార్యదర్శి ఎబెనెజర్ కాబ్ మార్లీ మరొక విధంగా ఆలోచించాడు. ఆ అలవాటు ఉన్నంతకాలం బుద్ధి తెలిసిన పెద్దవారెవ్వరూ ఈ ఆట ఆడరని, అది బడిపిల్లలకే మిగిలిపోతుందని ఆయన అభిప్రాయం. మెజారిటీ ఆయన పక్షం వహించింది, బ్లాక్‌హీత్ వైదొలగింది. డిసెంబరులో ఆమోదం పొందిన 13 నియమాలలో చివరిది, పొడుచుకువచ్చిన మేకులుగాని ఇనుపరేకులుగాని ఉన్న బూట్లతో ఆడరాదని శాసించింది. నేడు ఆట ప్రారంభానికి ముందు రెఫరీ పిల్లల బూట్లను పరీక్షించడం ఈ నియమపు వారసత్వమే.

ఆ 13 నియమాలలో రెఫరీ ప్రసక్తి లేనేలేదు. మర్యాదస్తులు తమ తగవును తామే తీర్చుకోగలరని నాటివారి విశ్వాసం. క్రమంగా ప్రతి జట్టు తరఫున ఒక్కొక్క అంపైరు, వారిద్దరికీ పొసగనప్పుడు తీర్పు చెప్పుటకు మైదానం వెలుపల ఒక రెఫరీ అన్న పద్ధతి వచ్చింది. 1891లో రెఫరీని మైదానంలోనికి తెచ్చి పూర్తి అధికారమిచ్చారు, అంపైర్లు లైన్స్‌మన్లయ్యారు. ఆ ఏడే పెనాల్టీ కిక్ కూడా ప్రవేశించింది. ఐర్లండుకు చెందిన విలియం మెక్రమ్ అనే గోల్‌కీపరు సూచన అది. పెద్దమనుషులు కావాలని తప్పుచేస్తారని ఊహించడమే అవమానమని కొందరు ఆటగాళ్లు ఆక్షేపించారు. అయినా నియమం నిలిచింది. గెలుపు మీద ఆశ పెరిగినకొద్దీ ఉత్తమ కుటుంబీకుని కాలు కూడా తప్పటడుగు వేస్తుందని అనుభవం నేర్పింది.

ఇక భారతదేశానికి వద్దాం. సైనిక శిబిరాలతో పాటు విద్యాలయాలు కూడా ఈ ఆటకు ద్వారాలు తెరిచాయి. శ్రీనగర్‌లోని మిషన్ పాఠశాల ప్రధానోపాధ్యాయుడు టిండేల్ బిస్కో 1891లో ఒక తోలుబంతిని బడికి తెచ్చిన సంగతి ప్రసిద్ధం. విద్యార్థులలో అత్యధికులు బ్రాహ్మణ బాలురు. తోలును తాకుట అపవిత్రమని వారు నిరాకరించారు. ఉపాధ్యాయులు కర్రలు పట్టుకుని చుట్టూ నిలువగా వారు ఆడక తప్పలేదు. బంతి ఒక బాలుని ముఖానికి తగలగానే అతడు మైలపడితినని విలపించాడు. ముఖం కడిగించి తీసుకురమ్మని చెప్పి ప్రధానోపాధ్యాయుడు ఆటను కొనసాగించాడు. ఈ కథను ఆయనయే తన విజయంగా చెప్పుకున్నాడు. ఆలోచిస్తే దీనికి రెండు ముఖాలున్నాయి. అందరి పాదాలనూ తాకే బంతి ముందు అంటు నిలువలేదు, అది మేలే. కాని కర్రకు భయపడి ఆడినది ఆట అనిపించుకుంటుందా? క్రీడామర్యాదను బెత్తంతో నేర్పవచ్చునా అన్న ప్రశ్న ఆనాటి నుండి మన బడులను వెన్నంటియే ఉన్నది.

ఆ ప్రశ్నకు మెరుగైన సమాధానం చెప్పినవాడు హైదరాబాదులో లభించాడు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీమ్, వృత్తిచేత ఉపాధ్యాయుడు. 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చాడు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలుచుకుని దక్కను ఆటకు దేశమంతటా పేరు తెచ్చింది. రహీమ్ శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకం పొందింది. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం సాధించింది. ఆ మెల్బోర్న్, జకార్తా జట్లలో సికింద్రాబాదు బిడ్డ తులసీదాస్ బలరాం ఉన్నాడు.

అంతకుమించి గమనించదగినది కుర్రవాళ్ల కోసం రహీమ్ కల్పించిన పోటీలు. ఒక పోటీలో బంతిని తనవద్దనే ఉంచుకుని ఒంటరిగా తీసుకుపోరాదు, తోటివానికి అందించవలసిందే. మరొక పోటీలో అలవాటులేని కాలితోనే గోలు కొట్టవలెను. ఇక్కడ బెత్తం పని లేదు, ఉపన్యాసం పని లేదు. నియమమే గురువయింది. బంతి పంచుకోనిదే ముందుకు సాగని ఆటలో, ప్రతిభగల బాలుడు బలహీనుడైన తోటివాని వైపు చూడక తప్పదు. బలహీనునికి కూడా బంతి అందుతుంది. స్వార్థం కూడదని నూరుమార్లు చెప్పినా కలుగని మార్పు ఒక్క సాయంకాలపు ఆటలో కలుగుతుంది.

బూట్ల విషయం కూడా ఇక్కడ చెప్పుకోదగినది. 1911లో మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటుపై 2-1 గోళ్లతో ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలిచినప్పుడు ఆ జట్టులో ఒక్కరు తప్ప తక్కినవారందరూ వట్టి పాదాలతోనే ఆడారు. అది జాతికి గర్వకారణమైంది. కాని 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిన పిమ్మట అఖిల భారత సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. పాదరక్ష సంగతి సరే. బూట్లు కొనలేని ఇంటి పిల్లవానికి ఆ నియమం అడ్డుగోడ అయ్యే ప్రమాదమున్నది. బూట్లు తప్పనిసరి అన్న బడి, అవి లేనివానికి సమకూర్చే పూచీ కూడా తీసుకొన్నప్పుడే నియమం న్యాయమవుతుంది.

బడిపిల్లల కోసమే 1960లో సుబ్రొతో కప్పు పోటీలు ప్రారంభమయ్యాయి. భారత వైమానిక దళాధిపతి, ఎయిర్ మార్షల్ సుబ్రొతో ముఖర్జీ సంకల్పం దానికి ఆధారం. వయస్సు ప్రాతిపదికగా జరిగే ఇటువంటి పోటీలన్నిటికీ ఒక తెగులు పట్టింది. పెద్దవానిని చిన్నవానిగా చూపి ఆడించడం అది. బాలుర ప్రపంచ కప్పులో ఈ మోసాన్ని అరికట్టుటకు 2009 నుండి మణికట్టు ఎముకలను యంత్రంతో పరీక్షించే పద్ధతి వచ్చింది. భారతదేశం 2017లో పదిహేడేండ్ల లోపు బాలుర ప్రపంచ కప్పుకు, 2022లో బాలికల ప్రపంచ కప్పుకు ఆతిథ్యమిచ్చింది. తప్పుడు పుట్టినతేదీ వ్రాసి గెలిచిన జట్టు ఒక కప్పును మాత్రమే ఎత్తుకుపోదు. నిజంగా ఆ వయస్సు ఉండి బెంచీమీద మిగిలిపోయిన బాలుని అవకాశాన్ని కూడా ఎత్తుకుపోతుంది. ఆ తేదీ వ్రాసే చేయి బాలునిది కాదు, పెద్దలది.

పసుపు, ఎరుపు కార్డుల వెనుక కూడా ఒక ఉపాధ్యాయుడే ఉన్నాడు. కెన్ ఆస్టన్ ఇంగ్లండులో పాఠశాల ప్రధానోపాధ్యాయుడు, అంతర్జాతీయ రెఫరీ. 1966 ప్రపంచ కప్పులో ఇంగ్లండు, అర్జెంటీనాల మధ్య ఆట జరుగుతుండగా జర్మను రెఫరీ అర్జెంటీనా నాయకుని బయటకు పంపాడు. ఒకరి భాష ఒకరికి రాదు. నాయకుడు కదలలేదు, గందరగోళం చెలరేగింది. ఆ వ్యవహారాన్ని తలపోస్తూ కారులో వెళుతున్న ఆస్టన్‌కు వీధికూడలిలోని ట్రాఫిక్ దీపాలు దారి చూపాయి. పసుపు రంగు హెచ్చరిక, ఎరుపు రంగు నిషేధం. 1970 మెక్సికో ప్రపంచ కప్పు నుండి కార్డులు అమలులోకి వచ్చాయి. బహుభాషల నడుమ పెరిగే పిల్లలకు ఈ వృత్తాంతం బాగా బోధపడుతుంది. ఇంట తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియాయో మరాఠీయో పలికే బాలునికి, మైదానంలోని ఈలకూ కార్డుకూ అనువాదం అక్కరలేదు.

పిల్లలు చిన్న ఆకారం దాల్చిన పెద్దలు కారన్న వివేకం నియమాలలోనికి ఆలస్యంగా వచ్చింది. పెద్దల బంతి చుట్టుకొలత 68 నుండి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుండి 450 గ్రాములు. ఆట నిడివి 45 నిమిషాల చొప్పున రెండు భాగాలు. చిన్నవారి కోసం మైదానం, గోలు, బంతి తగ్గించుకోవచ్చును. ఆట నిడివి కుదించవచ్చును. బయటకు వచ్చిన పిల్లవానిని తిరిగి ఆడించవచ్చును. తలతో బంతి కొట్టుట లేతమెదడుకు మంచిది కాదన్న శంకతో అమెరికా 2015లో పదేండ్లు, అంతకు లోపువారికి దానిని నిషేధించింది. ఇంగ్లండులో 2020 నుండి ప్రాథమిక పాఠశాల వయస్సు పిల్లల శిక్షణలో దానిని మానిపించారు.

నియమం పేరిట పిల్లలను వెలివేసిన సందర్భం కూడా లేకపోలేదు. 2013లో కెనడాలోని క్యుబెక్ రాష్ట్ర సమాఖ్య, తలపాగాతో సిక్కు బాలురు ఆడరాదన్నది. అది ప్రమాదకరమన్న వాదనకు ఆధారం చూపలేకపోయింది. దేశమంతటా నిరసన వచ్చింది. అంతర్జాతీయ సమాఖ్య అనుమతించడంతో నిషేధం తొలగింది. 2014లో తలపాగాకు నియమావళిలోనే స్థానం లభించింది. పరభాషా ప్రాంతంలో తమ బడిని నిలుపుకొన్న వారికి ఈ విజయం విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

కడపటిదైన విషాదం నెదర్లాండ్స్‌లోనిది. 2012 డిసెంబరులో అల్మేర్ పట్టణంలో బాలుర ఆట ముగిసిన తరువాత, లైన్స్‌మన్‌గా నిలిచిన ఒక బాలుని తండ్రిని ఎదుటి జట్టు కుర్రవాళ్లు కొట్టగా ఆయన మరణించాడు. తన కుమారుని ఆటకు స్వచ్ఛందంగా సాయపడవచ్చిన మనిషి ఆయన. మరుసటి వారాంతంలో ఆ దేశంలో ఔత్సాహికుల ఆటలన్నీ నిలిపివేశారు. 2013లో న్యాయస్థానం శిక్షించినవారిలో ఆ కుర్రవాళ్లతో పాటు వారిలో ఒకని తండ్రి కూడా ఉన్నాడు. పిల్లల కోపం గట్టుమీద నిలిచిన పెద్దల కోపం నుండి ఎంత దూరంలో ఉంటుందో ఆ తీర్పు చూపింది. ఇంగ్లండులో 2008లో ఆరంభమైన మర్యాదోద్యమం, తల్లిదండ్రులు గీతకు ఆవల తాడు వెనుక నిలువవలెనని విధించుటకు కారణమిదే.

బడిలో ఆటనియమాలను కాపాడేవారు పేరు ప్రతిష్ఠలు ఆశించనివారు. ఎండలో సున్నంతో గీతలు గీసే డ్రిల్లు మాస్టారు, ఇరుపక్షాల నిందలూ పడుతూ ఈల వేసే పూర్వవిద్యార్థి, ఓడిన కుమారునికి నీళ్లందించి ఎదుటి జట్టువానితో చేయి కలిపి రమ్మని పంపే తల్లి, వీరందరూ ఆ కోవలోనివారే. ఆటలో ఎన్ని గోళ్లు పడినవన్నది కొద్దికాలానికి మరపునకు వస్తుంది. పడిపోయిన ప్రత్యర్థికి చేయి అందించినదెవరో, అందించనిదెవరో మాత్రం తోటివారికి జీవితాంతం జ్ఞాపకముంటుంది. పాఠశాల తన పిల్లలకు ఆ చేయి చాపే అలవాటు నేర్పగలిగితే, కేంబ్రిడ్జి గదిలో ఆనాటి విద్యార్థులు ప్రారంభించిన పని ఇక్కడ కూడా సాగుతున్నట్లే.