గాజుపెట్టెలో బ్రొమీలియాడ్: ఒక సూత్రం, దాని వ్యాఖ్యానం

సూత్రం: ఆకు కోయకు, వెలుతురు పెంచు, ఎరువు ఆపు, పిలకను నిలుపు, తల్లిని బయట పెట్టు, గిన్నెలో నీళ్లు మార్చు.

బ్రొమీలియాడ్ అంటే అనాస కుటుంబపు మొక్క. ఈ కుటుంబంలో మూడు వేలకు పైగా జాతులున్నాయి. ఆఫ్రికాలో పుట్టిన ఒక్కటి తప్ప అన్నీ అమెరికా ఖండాలవే. చిన్న టెర్రేరియానికి, అంటే మొక్కలు పెంచే గాజుపెట్టెకు, పొట్టి నియోరెగెలియా, క్రిప్టాంథస్ నప్పుతాయి. గుజ్మానియాకు ఆ చోటు చాలదు.

ఆకు కోయకు: పెట్టెలో మొక్క పెరిగి ఇరుకై, ఆకు అద్దాన్ని తాకగానే కత్తెర పట్టుకోబుద్ధవుతుంది. బ్రొమీలియాడ్ ఆకు మొదలు దగ్గర పెరుగుతుంది. కోసిన కొస మళ్లీ రాదు, అంచు గోధుమరంగుకు తిరిగి ఎండుతుంది. పండిపోయిన అడుగు ఆకునైతే నిలువునా చీల్చి, రెండు సగాలనూ చెరో పక్కకు లాగి మొదలంటా తీసేయవచ్చు.

వెలుతురు పెంచు: నీడ ఎక్కువైతే ఆకులు సాగి వాలిపోతాయి, ఎరుపు వెలిసిపోతుంది. అలాగని సికింద్రాబాద్ ఏప్రిల్, మే ఎండలో గాజుపెట్టెను పెడితే లోపల మొక్క ఉడికిపోతుంది. నేరుగా ఎండ పడని కిటికీ పక్కన గానీ, ఎల్ఈడీ దీపం కింద గానీ ఉంచాలి.

ఎరువు ఆపు: నత్రజని అందేకొద్దీ ఆకు పొడుగవుతుంది, పచ్చబడుతుంది. చాలా జాతుల్లో వేళ్ల ముఖ్యమైన పని చెట్టును పట్టుకోవడమే. నీళ్లనూ పోషకాలనూ ఆకుల మీది సన్నని పొలుసులు పీల్చుకుంటాయి. కొబ్బరి పీచు ముక్కలు, బొగ్గు ముక్కలు కలిపిన పొడిపొడి మిశ్రమం చాలు.

పిలకను నిలుపు: సూత్రానికి ప్రాణం ఇదే. ఒక్కో ఆకుల గుత్తి సాధారణంగా ఒక్కసారే పూస్తుంది, ఆ తర్వాత మొదలు దగ్గర పిలకలు వేస్తుంది. అరటి తోట చూసినవారికి ఇది కొత్త కాదు. పిలక తల్లిలో మూడో వంతు నుంచి సగం దాకా ఎదిగాక, శుభ్రమైన కత్తితో తల్లి మొదలుకు ఆనించి కోయాలి. గాయాన్ని ఒక రోజు ఆరనిచ్చి, లోతు లేకుండా నాటాలి. పెట్టెలో ఒక్క పిలకే ఉండాలి. రెండోది ఉంచితే ఏడాది తిరక్కుండానే మళ్లీ ఇరుకు.

తల్లిని బయట పెట్టు: పూత అయిపోయినా తల్లి నెలల తరబడి పిలకల్ని పోషిస్తుంది. దాన్ని పారేయకుండా కుండీలోకి మార్చి బాల్కనీ నీడలో ఉంచితే ఇంకా పిలకలిస్తుంది.

గిన్నెలో నీళ్లు మార్చు: నియోరెగెలియా వంటి వాటిలో ఆకుల నడుమ ఏర్పడే గిన్నెలో నీళ్లు నిలుస్తాయి. బోరు నీళ్లయితే ఆకు మీద తెల్లటి మరకలు కడతాయి, వాననీళ్లు మేలు. మూతలేని పెట్టెలోనూ బాల్కనీ కుండీలోనూ ఆ గిన్నె దోమకు నెలవు. ట్రినిడాడ్ కోకో తోటల్లో బ్రొమీలియాడ్ గిన్నెల్లో పుట్టిన అనాఫిలిస్ దోమలే మలేరియాను వ్యాపింపజేశాయి. మన వీధుల్లో ఇప్పుడు డెంగీ దోమ కూడా ఉంది. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు కాబట్టి, వారం తిరక్కుండా కుండీని వంచి పాత నీళ్లు పారబోసి కొత్తవి పోయాలి. ఈ ఓపిక ఉన్నవారే ఈ మొక్కను పెంచాలి.