పొద్దున్న ఎత్తితేనే బలమా?

మాది బరంపురం. అమ్మ టిఫిన్ బండి నడుపుతుంది. నాలుగింటికే లేచి చట్నీ రుబ్బాలి, ఏడింటిదాకా ప్లేట్లు కడగాలి. అందుకని వెయిట్‌లిఫ్టింగ్‌కి నేను సాయంత్రమే వెళ్తాను. తాతయ్యకి అదే కోపం. "పొద్దెక్కాక చేసిన కసరత్తు ఒంటికి పట్టదే పిల్లా" అంటాడు. పొద్దున్న వచ్చేవాళ్ళకే ముందుగా జట్టులో చోటు అని పెద్దక్లాసు అక్కలు కూడా అన్నారు. అదే నిజమైతే నా పని అయిపోయినట్టే. అందుకే ఈ మాట ఎక్కడ పుట్టిందో వెతికాను.

తాతయ్యది శ్రీకాకుళం వైపు పల్లె. అక్కడ పండగలకి సంగిడి రాళ్ళు ఎత్తే పోటీలు జరుగుతాయి. "మీరు సాధన ఎప్పుడు చేసేవారు?" అంటే "కోడి కూయకముందే" అన్నాడు. "మరి పోటీ?" "ఎండ తగ్గాక, జనం పొలాల నుంచి వచ్చాక." నాకు అక్కడే లంకె దొరికింది. పొద్దెక్కితే నాగలి పట్టాలి, చీకటి పడితే దీపాలు లేవు. సాము గరిడీకి మిగిలింది ఆ ఒక్క వేళే. అవసరం కొద్దీ పెట్టుకున్న వేళే పోనుపోను నియమం అయిపోయిందని నా అనుమానం. తాతయ్య ఒప్పుకోలేదు. వెంటనే కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు తీశాడు. విజయనగరంలో డ్రిల్లు మాస్టారుగా చేసి, సర్కస్ పెట్టి, గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్న మహాబలుడు ఆయన. ఆ సర్కస్‌కి జనం తెల్లారకుండానే వెళ్ళారా అని అడిగితే నవ్వేశాడు.

ఇక ఒంటి సంగతి. మన ఒంటి వేడి తెల్లవారుజామున బాగా తగ్గి, సాయంత్రానికి పెరుగుతుంది. 1938లో అమెరికాలో నేథనియల్ క్లైట్‌మన్ అనే శాస్త్రవేత్త, శిష్యుడు బ్రూస్ రిచర్డ్‌సన్‌తో కలిసి మామత్ గుహలోకి దిగి 32 రోజులు ఎండ చూడకుండా ఉన్నాడు. రోజుకి 28 గంటలని లెక్క పెట్టుకుని నిద్రపోయారు. శిష్యుడి ఒంటి వేడి ఆ కొత్త రోజుకి అలవాటు పడింది. గురువుది మాత్రం పాత 24 గంటలనే పట్టుకుని కూర్చుంది! అందరి ఒళ్ళూ ఒకటి కాదన్నమాట.

చాలామందికి సాయంత్రమే బలం కాస్త ఎక్కువ. నా నోటుబుక్కులోనూ అంతే: సెలవుల్లో పొద్దున్న 40 కిలోలు, సాయంత్రం 42.5. కానీ వారాల తరబడి ఒకే వేళకి చేస్తే ఏ వేళ చేసినవాళ్ళకైనా బలం ఇంచుమించు సమానంగానే పెరుగుతుందని పరిశోధనలు చెప్తున్నాయి. పొద్దున్న అలవాటు చేసుకున్నవాళ్ళకి పొద్దుటి లోటు కూడా తగ్గుతుందట. తాతయ్య మాటలో ఆ ముక్క మాత్రం నిజం.

ఎందుకంటే పోటీ వేళ మన చేతిలో ఉండదు. 2000 సెప్టెంబరు 19న కరణం మల్లీశ్వరి గారు సిడ్నీలో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ. అప్పుడు సిడ్నీలో సాయంత్రం అయిదున్నర అంటే ఇక్కడ మిట్టమధ్యాహ్నం. ఆవిడదీ శ్రీకాకుళం జిల్లాయే అని తాతయ్యకి మహా గర్వం.

మా ఎంపిక పోటీ పొద్దున్న పదింటికి. నోటుబుక్కు చూపించి అమ్మని అడిగాను. ముందు రెండు వారాలు ప్లేట్లు తమ్ముడు కడుగుతాడు. చట్నీ రుబ్బుతానని తాతయ్యే అన్నాడు.