స్పీడోమీటర్ కేబుల్‌కు గ్రీజు పెట్టడం (పాత కార్లు)

గేర్‌బాక్సు తిరుగుడును మీటరుకు చేరవేసే ఉక్కుతీగల పేనిక స్పీడోమీటర్ కేబుల్. పైతొడుగు లోపల అది తిరుగుతూ మీటరులోని అయస్కాంతాన్ని తిప్పుతుంది. దానివల్ల అల్యూమినియం గిన్నెలో సుడి విద్యుత్తు పుట్టి ముల్లు కదులుతుంది. ఈ పద్ధతికి జర్మనీకి చెందిన ఒట్టో షుల్జ్ 1902లో పేటెంటు తీసుకున్నాడు. పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో ఉన్నది ఇదే.

తీగకు ఉన్న గ్రీజు ఎండిపోతే ముల్లు ఊగుతుంది, తీగ కీచుమంటుంది, చివరికి తెగిపోతుంది. నెల్లూరు నుంచి సంగం మీదుగా ఆత్మకూరు, ఉదయగిరి వైపు ఎండలో, దుమ్ములో తిరిగే బండికి గ్రీజు పెట్టే పని వాయిదా వేయకూడదు.

చాలా మోడళ్లలో మీటరు వెనక మర విప్పితే లోపలి తీగ బయటికి వస్తుంది. కిరోసిన్‌తో తుడిచి ఆరనివ్వాలి. గుడ్డలో పట్టి నెమ్మదిగా లాగితే తెగిన పోగులు గుడ్డకు తగులుకుంటాయి. ఒక్క పోగు లేచినా తీగ మార్చడమే మేలు. తర్వాత గ్రీజు పల్చగా పూయాలి. మీటరు వైపు జానెడు మేర మాత్రం పూయకూడదు. తిరిగే పేనిక గ్రీజును పైకి ఎక్కిస్తుంది, అది మీటరులో చేరితే ముల్లు పట్టేస్తుంది. గ్రీజు తక్కువైతే పోయేది తీగ, ఎక్కువైతే పోయేది మీటరు. పైతొడుగు ఎక్కడైనా మడత పడి ఉంటే ఎంత పూసినా ముల్లు ఊగుడు ఆగదు.