తెరమీది పాత రేడియోలు

స్టేషన్ ఘన్‌పూర్ పేరులోనే రైలున్నది. సికింద్రాబాదు నుండి వరంగల్లు మీదుగా బెజవాడకు 1889 నాటికి రైలుమార్గము పూర్తియైనది. పట్టాల వెంట తంతితీగయు వచ్చినది. చుక్కలు, గీతలు గల మోర్సు సంకేతములు ఆ తీగపై నడచినవి. తరువాతి కాలమున వానినే తీగ లేకుండ ఆకాశమార్గమున పంపి, వినోదముగను విజ్ఞానముగను సాధన చేసిన ఔత్సాహికులకు ‘హామ్’లని పేరు వచ్చినది.

ఇటీవల మేము ఆ ఊరు వెళ్ళినపుడు కొందరు విద్యార్థులు, సినిమాలలోను వీడియో ఆటలలోను చూపు పాత రేడియోలు నిజముగా అట్లే ఉండెడివా యని అడిగిరి. ప్రశ్న చిన్నదే గాని, జవాబు చరిత్రలోనికి పోవును.

1939లో యుద్ధము రాగానే ప్రభుత్వము ఔత్సాహికుల ప్రసారయంత్రములను అప్పగింపుమని ఉత్తరువు చేసినది. అట్టి రోజులలో, 1942 ఆగస్టు 27న, ఉషా మెహతాయు ఆమె సహచరులును బొంబాయిలో రహస్యముగ కాంగ్రెసు రేడియో ప్రసారములు మొదలిడిరి. చోటు మార్చి చోట నడపిరి. నవంబరు 12న పట్టుబడిరి. ఆమెకు నాలుగేండ్ల శిక్ష పడినది. ఈ కథనే 2024లో ‘ఏ వతన్ మేరే వతన్’ అను హిందీ చిత్రముగ తీసిరి.

ఇట్టి చిత్రము చూచునపుడు నటులతోపాటు యంత్రమును కూడ చూడవలెను. ఆనాటి యంత్రము వాల్వులది. అవి వేడెక్కినగాని పలుకదు. ప్రసారమునకు బరువైన విద్యుత్ పరికరములు, ఎత్తున ఏరియలు కావలెను. దాచుట కష్టము, మోయుట కష్టము. దానిని చేతిసంచిలో ఇమిడినట్లు చూపినచో, దానిని మోసిన వారి సాహసము చులకన యగును.

పొరపాట్లు అన్నిచోట్ల గలవు. 2000లో వచ్చిన ‘ఫ్రీక్వెన్సీ’ అను అమెరికా చిత్రమున తండ్రికొడుకులు హీత్‌కిట్ ఎస్‌బి-301తో సంభాషింతురు. కథాకాలమైన 1969కి ఆ పెట్టె తగినదే; కాని అది వినుటకు మాత్రమే పనికివచ్చునది, దానితో మాటలాడుట సాధ్యము కాదు! హామ్‌లు దీనిని గుర్తింపక మానలేదు.

మన సంగతియే చూడుడు. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగుబాటు వార్త దక్కన్ రేడియోలో వినవచ్చినది. ఆ దృశ్యమును తీయువారు గ్రామస్థుని చేతిలో చిన్న ట్రాన్సిస్టరు రేడియో నుంచరాదు. అది అంగడికి వచ్చినది 1954లో. కరెంటు లేని పల్లెలో బ్యాటరీతో నడచు వాల్వు రేడియో చుట్టు జనము మూగిన దృశ్యమే సత్యమునకు దగ్గర. ఒక్కని చేతిలోని వార్త వేరు, పదిమంది కలిసి విన్న వార్త వేరు.

పాత యంత్రములు నానాటికి ఇనుప సామానులవాని తక్కెడకు చేరుచున్నవి. రేపటి పిల్లలకు తెరమీది బొమ్మయే సాక్ష్యము కాగలదు. మీ అటకపై అట్టి పెట్టె యున్నచో, అమ్ముటకు ముందు దానిని ఎవరు, ఎప్పుడు, ఎచట వినిరో పెద్దలనడిగి ఒక కాగితముపై వ్రాసి దానితో ఉంచుడు.