చెరువు రాజుది, లెక్క కరణానిది

బుక్కపట్నం చెరువు ఎవరు కట్టించారని ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా తడుముకోకుండా బుక్కరాయల పేరు చెప్తారు. నంది కొండల ప్రాంతంలో పుట్టి ఉత్తరంగా పారే చిత్రావతికి అడ్డంగా, రెండు కొండల వరుసల్ని కలుపుతూ వేసిన కట్ట అది. అదే నది దిగువన ధర్మవరం చెరువునూ నింపుతుంది. రాజు పేరు ఊరి పేరులోనే ఉంది కాబట్టి చెరిగిపోదు. అయితే ఇన్ని వందల ఏళ్ళుగా ఆ కట్టను నిలిపింది రాజు ఒక్కడే కాదు. గండి పడ్డ ఏడు మట్టి మోసిందెవరు? తూము తీసి ఏ మడికి ఎంత నీళ్ళు వదలాలో చూసిన నీరుగంటి ఎవరు? కరువొస్తే ఊరు విడిచిపోయిన ఇళ్ళెన్ని, తిరిగొచ్చినవెన్ని? ఇవేవీ రాజులు శాసనాల్లో చెక్కించలేదు. అవన్నీ ఊరి లెక్కలు రాసే కరణం ఇంట్లో, అటక మీది పెట్టెలో ఉండేవి.

ఇంగ్లండులో ఇలాంటి పనిని చర్చి చేసింది. 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఒక ఆజ్ఞ వేశాడు. ప్రతి ఊరి చర్చిలోనూ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు ఒక పుస్తకంలో రాసి తీరాలన్నాడు. ఆ రాత నాలుగు వందల ఏళ్ళకు పైగా సాగింది. 1913లో బెడ్‌ఫర్డ్‌షైర్ తన జిల్లాకంటూ ఒక రికార్డు కార్యాలయం పెట్టుకుంది. ఆ దేశంలో జిల్లా స్థాయిలో అదే మొదటిది. తక్కిన జిల్లాలు ఆ దారి పట్టాయి. చర్చిలో సరిగా భద్రపరిచే ఏర్పాటు లేకపోతే నూరేళ్ళు దాటిన పుస్తకాల్ని జిల్లా రికార్డు కార్యాలయానికి అప్పగించాలని 1978లో చట్టమే వచ్చింది. అందుకే అక్కడ కూలివాని మునిమనవడు కూడా తన జిల్లా కేంద్రానికి వెళ్ళి తాతముత్తాతల పేర్లు వెతుక్కోగలడు.

మన దగ్గర పుట్టుక, పెళ్ళి, చావు చుట్టూ అలాంటి రాత సాగలేదు. మన రాతంతా భూమి చుట్టూ, నీటి చుట్టూ నడిచింది. ఈ రాయలసీమలోనైతే నీటి చుట్టూ మరీ ఎక్కువ.

పెనుకొండలో 1354 నాటి శాసనం ఉంది. బుక్కరాయలు ఆ రాజ్యాన్ని కొడుకు వీరవిరుపణ్ణ ఒడెయరు చేతికి అప్పగించిన కాలమది. 1388 నాటి మరో శాసనం ఇప్పటి గౌరిబిదనూరు తాలూకాలో దొరికింది. హరిహరరాయల కుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉండగా, ప్రజలకు నీరే ప్రాణమని తలచి, పెన్నేటిని పెనుకొండకు తీసుకురమ్మని సింగాయభట్టు అనే జలశాస్త్ర నిపుణుణ్ణి ఆజ్ఞాపించాడట. సింగాయభట్టు సిరువేర చెరువు దాకా కాలువ తవ్వి, ఆ సంగతి రాతిమీద రాయించాడు. అంతకు ముందు 1369లో కడప సీమలోని పోరుమామిళ్ళలో బుక్కరాయల కొడుకు భాస్కరుడు చెరువు తవ్వించాడు. అక్కడి శాసనం ఏకంగా ఒక చిన్న పాఠ్యగ్రంథం లాంటిది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలేవో, ఉండకూడని ఆరు దోషాలేవో అందులో ఉన్నాయి. రోజూ వెయ్యిమంది మనుషులు, నూరు బండ్లు, రెండేళ్ళ పని అని లెక్క కూడా చెప్పింది. ఆ వెయ్యిమందిలో ఒక్కరి పేరూ రాయలేదు. శాసనాల మీద నాకెంత గౌరవమున్నా, వాటి దగ్గర నా ఆకలి తీరనిది ఇక్కడే.

ఆ తర్వాతి చరిత్ర రాతి నుంచి ఆకు మీదికి, బట్ట మీదికి వచ్చింది. కరణాలు తాటాకు కట్టల్లో ఊరి పుట్టుపూర్వోత్తరాలు రాసి తరతరాలుగా కాపాడుకున్నారు. వాటిని దండకవిలెలు అన్నారు. ఏటేటా మారే లెక్కలకు కడితం వాడేవారు. బట్టకు చింతగింజల అంబలి, బొగ్గుపొడి కలిపి పట్టించి, ఎండబెట్టి, మడతలు మడతలుగా మడిచిన పుస్తకమది. నల్లటి ఆ పుట మీద బలపంతో రాస్తే తెల్లగా పడుతుంది. తుడిస్తే పోతుంది, మళ్ళీ రాసుకోవచ్చు. ఆ ఏటి శిస్తు ముగిశాక తుడిచేసిన పుట మీద ఎంత చరిత్ర పోయిందో తలచుకుంటే గుండె చివుక్కుమంటుంది. పైగా ఈ సీమ రాజ్యాలు మారిన కొద్దీ రాత భాషలూ మారాయి. విజయనగరం పోయింది, గుత్తిలో మురారిరావు వచ్చాడు, తర్వాత హైదరు, టిప్పు వచ్చారు. ఒకే సీమ లెక్కలు తెలుగులో, కన్నడంలో, మోడి లిపి మరాఠీలో ఉండేవి. అన్నీ చదవగలవాళ్ళు ఒక ఇంట్లోనే ఉండటం అరుదు.

1800లో నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 33 అడుగుల గొలుసు పట్టించి పొలం పొలం కొలిపించాడు. ఇంచుమించు అదే కాలంలో మరో దొర మనుషులు ఊళ్ళు తిరుగుతూ కొలతలు కాకుండా కథలు అడిగారు. ఆ దొర కాలిన్ మెకంజీ. స్కాట్లండుకు చెందిన లూయిస్ దీవిలోని స్టోర్నవేలో పుట్టి, 1783లో సైనికుడిగా ఇక్కడికి వచ్చి, 1815లో భారతదేశపు మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. తెలుగు రాదు. ఆయనకు కళ్ళూ చెవులూ అయినవారు ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు: బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొర్రయ్య 1803లోనే చిన్న వయసులో పోయాడు. ఆ తర్వాత పని లక్ష్మయ్య భుజాన పడింది. ఆయన పంపిన గుమాస్తాలు ఊరూరా కరణం గడప తొక్కారు.

ఒక పక్క శిస్తు పెంచడానికి కొలతలు జరుగుతుంటే, ఇంకో పక్క పాత పత్రాలు చూపించండి అంటూ వచ్చినవాళ్ళను ఏ కరణం నమ్ముతాడు? మాన్యాలు ఊడబీకడానికే వచ్చారని అనుమానపడినవాళ్ళు, పత్రాలు దాచినవాళ్ళు ఉన్నారు. అయినా బతిమాలి, నచ్చజెప్పి వాళ్ళు రాబట్టినవే కైఫియతులు. కైఫియతు అంటే ఊరి తరఫున ఇచ్చిన వాంగ్మూలం. ఊరు ఎప్పుడు ఏర్పడింది, మొదట అడవి కొట్టినవాడెవడు, గుళ్ళెన్ని, చెరువులెన్ని, ఏ రాజు ఏ అగ్రహారం ఎవరికిచ్చాడు, ఎల్లలేవి, పంటలేవి అన్నీ అందులో వస్తాయి. కొన్నిటిలో చెట్లూ మృగాలూ కూడా వస్తాయి. పురాణం, జ్ఞాపకం, లెక్క మూడూ కలిసి ఉంటాయి. తేదీలు అక్కడక్కడా తప్పుతాయి. అయినా ఒక ఊరు తన గురించి తాను చెప్పుకున్న మాట దొరకడం మామూలు విషయం కాదు.

1821లో మెకంజీ పోయేనాటికి పోగైన సంపద కొండంత. విల్సన్ అనే పండితుడు 1828లో అచ్చువేసిన ఆ సేకరణ పట్టికలో స్థానిక చరిత్రలు 2,070, శాసన ప్రతులు 8,076 ఉన్నాయి. మెకంజీ భార్య దగ్గర కంపెనీ దాన్ని లక్ష రూపాయలకు కొన్నది. కొంత లండనుకు పోయింది, కొంత మద్రాసుకు వచ్చింది. మిగిలిన పని తాను చేస్తానని లక్ష్మయ్య అర్జీ పెట్టుకున్నాడు. ఏళ్ళ తరబడి ఆ పని నడిపినవాడు, ఏ ఊళ్ళో ఏముందో తెలిసినవాడు. 1836లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వాళ్ళు కాదన్నారు. విషయాన్ని సమగ్రంగా చూడగల బుర్ర దేశీయులకు ఉండదన్నట్టు మాట్లాడారు. మన ఊళ్ళ చరిత్రకు జరిగిన నష్టాల్లో దీన్ని నేను చాలా పెద్దదిగా లెక్కవేస్తాను. తాటాకు కట్టలు ఇంకా చెదలు పట్టకముందే, కరణాల ఇళ్ళలో పెద్దవాళ్ళు బతికుండగానే జరగాల్సిన పని అక్కడితో ఆగింది.

మద్రాసు చేరిన కాగితాలు పురుగు తింటూ ఉండగా వాటిని ఆదుకున్నవాడు సి.పి. బ్రౌన్. పండితుల చేత శుభ్రమైన కాగితం మీద తిరిగి రాయించాడు. అలా తయారైన సంపుటాలు ఈనాడు చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. అసలు చాలా చోట్ల పోయి నకలే మిగిలింది. మన ఊరి గురించి ఇప్పుడు చదువుతున్నది చాలాసార్లు నకలుకు నకలు.

ఆ రాతల్లో ఎంత ప్రాణముందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. హండె అనంతపురం చరిత్రను బ్రౌన్ 1853లో అచ్చువేయించాడు. అందులో అనంతపురం పక్కనే ఉన్న బుక్కరాయసముద్రం చెరువు కథ వస్తుంది. పండమేరుకు అడ్డంగా కట్టిన ఆ చెరువు కూడా బుక్కరాయల నాటిదే. ఒక ఏడు గండి పడి ఊరు మునగబోతే, బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మ తనను తాను బలిచ్చుకుందని ఊరి మాట. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుకుంటున్న కట్టమంచి రామలింగారెడ్డి ఆ కథ చదివి కదిలిపోయి, 1899లో 'ముసలమ్మ మరణం' కావ్యం రాశాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు కూడా లేవు. ఒక మామూలు రైతు ఇంటి కోడలు తెలుగు కావ్యనాయిక కావడానికి దారి వేసింది ఒక ఊరి లెక్కలమనిషి రాత. కరణం రాయకపోతే బ్రౌన్ అచ్చువేయడు, బ్రౌన్ అచ్చువేయకపోతే కట్టమంచి చదవడు.

కైఫియతుల తర్వాతి కాలానికి సర్కారు పుస్తకాలే దిక్కు. చదవడానికి పొడిగా కనిపిస్తాయి కానీ, మనుషుల పేర్లు దొరికేది వీటిలోనే. 1858లో ఇనాం కమిషన్ ఏర్పడింది. ఊరూరా ఎవరి దగ్గర ఏ మాన్యం ఉంది, ఎవరిచ్చారు, వారసులెవరు అని విచారించి ఇనాం రిజిస్టర్లు రాయించింది. గుడి మాన్యాలతో పాటు తలారి, తోటి, నీరుగంటి మాన్యాలూ అందులో ఎక్కాయి. మన సీమకు బాగా తెలిసిన దశబంధం ఇనాములు కూడా ఉన్నాయి. చెరువు కట్టినవారికో బాగుచేసినవారికో, ఇకముందు దాన్ని కాపాడే షరతు మీద ఇచ్చిన భూములవి. పోరుమామిళ్ళ శాసనం పేర్లు చెప్పకుండా వదిలేసినవారి లాంటి మనుషులు, అయిదు వందల ఏళ్ళ తర్వాతైనా ఈ రిజిస్టర్లలో తండ్రి పేరుతో సహా కనిపిస్తారు. భూమి లేనివాళ్ళు, ఆడవాళ్ళు మాత్రం ఇక్కడా అరుదే. ఈ పుస్తకాలకున్న పెద్ద లోపమది. వాళ్ళ కోసం గ్రామ మునసబు రాసిన జనన మరణాల రిజిస్టర్లు వెతకాలి. 1899 మద్రాసు చట్టం కింద రాసిన ఆ పుస్తకాలు, చర్చి పుస్తకాలకు మన దగ్గర అన్నిటికంటే దగ్గర చుట్టాలు.

చర్చి పుస్తకాలు మన నేలకు కొత్తేమీ కావు. మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చి 1680లో మొదలైంది. 1827లో పత్తికొండలో కలరా సోకి చనిపోయిన మన్రోను ముందు గుత్తిలో పూడ్చి, తర్వాత ఆ చర్చిలోకే మార్చారు. దొరల పుట్టుకలు, చావులు నకళ్ళతో సహా లండను దాకా భద్రంగా వెళ్ళాయి. మన్రో కొలిపించిన పొలాల రైతులకు ఆ భద్రత దక్కలేదు.

1984 జనవరిలో ప్రభుత్వం కరణం, మునసబు పదవుల్ని రద్దు చేసింది. వంశపారంపర్యంగా సాగిన ఆ పెత్తనం పోవాల్సిందే. ఎందరో పేదల్ని లెక్కల పేరుతో పీడించిన వ్యవస్థ అది. అయితే పదవి పోయినప్పుడు పుస్తకాల సంగతి ఎవరూ అంత శ్రద్ధగా ఆలోచించలేదు. అడంగళ్ళు, రెండు భాషల్లో ఉండే డైగ్లాట్లు, సెటిల్‌మెంట్ రిజిస్టర్లు తాలూకా కచేరీలకు, మరుసటి ఏడు మండలాలు వచ్చాక మండల కార్యాలయాలకు చేరాయి. సర్కారు లెక్కలోకి రాని తాటాకులు, కడితాలు, సొంత దస్తరాలు ఇళ్ళలోనే ఉండిపోయాయి. ఇల్లు పడగొట్టి కట్టేటప్పుడు వాటికి పట్టిన గతి మన ఊళ్ళలో అందరికీ తెలుసు.

కడపవాళ్ళు ఈ విషయంలో మనకంటే ముందున్నారు. జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో బ్రౌన్ బంగళా ఉన్న చోటే గ్రంథాలయం వెలిసింది. అక్కడి నుంచి కట్టా నరసింహులు సంపాదకత్వంలో కడప జిల్లా కైఫియతులు సంపుటాలుగా వచ్చాయి. చెన్నైలో ఉన్న తమ ఊరి మాటను కడప పిల్లలు కడపలోనే చదువుకోగలుగుతున్నారు. హనుమచ్ఛాస్త్రి పుట్టింది మన రాయదుర్గంలోనే.

2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీసత్యసాయి జిల్లా ఏర్పడింది. బుక్కపట్నం, పెనుకొండ, ధర్మవరం, హిందూపురం అన్నీ ఇప్పుడు ఒకే జిల్లా కింద ఉన్నాయి. బుక్కపట్నం ఇంటిపేరుగా ఉన్న శ్రీవైష్ణవ కుటుంబాలు దూరదూర ప్రాంతాల్లో ఉన్నాయి. వాళ్ళు పూర్వీకుల ఊరు వెతుక్కుంటూ వస్తే చూపించడానికి చెరువుకట్ట ఒక్కటే సరిపోదు. పైగా 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేతో కొత్త నంబర్లు, కొత్త పటాలు వస్తున్నాయి. కొత్తవి వచ్చాక పాత పుస్తకం అక్కరకు రాని కాగితమని ఎవరికైనా అనిపించవచ్చు. నా భయమంతా అదే. మండల కార్యాలయాల్లోని పాత సెటిల్‌మెంట్ రిజిస్టర్లు, డైగ్లాట్లు, ఇనాం పత్రాలు, మునసబుల జనన మరణాల పుస్తకాలు పుట్టపర్తిలో ఒక గదికి చేరాలి. ఆ గదికి చెద మందు, మంచి బీరువాలు, తెలుగు, కన్నడం, మోడి చదవగల ఇద్దరు ముగ్గురు ఉద్యోగులు కావాలి. అడిగిన రైతుకైనా విద్యార్థికైనా పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టే ఏర్పాటు కావాలి. చెన్నైలోని సంపుటాల్లో ఈ జిల్లా ఊళ్ళకు సంబంధించిన పుటలన్నిటికీ ఫొటో ప్రతులు తెప్పించాలి. కరణాల ఇళ్ళవాళ్ళు తమ పెట్టెలు తెరిచి, ఉన్నవాటిని అమ్మేయకుండా, కాల్చేయకుండా ఆ గదికి ఇవ్వాలి. ఇవ్వడం ఇష్టం లేకపోతే ఫొటో అయినా తీసుకోనివ్వాలి.